రోములో ఆడది దత్తత చేసుకోకూడదట

నాకు రోమన్ల గురించి తెలుసుకోవాలని ఎప్పుడూ లేదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఇప్పుడు నేను వాళ్ళ సంగతి ఎత్తానంటే మా ఇంట్లోవాళ్ళు ఏదో పని ఉందని లేచిపోతారు. ఎనభైల చివర్లో నేను ఆస్ట్రేలియాలో డార్విన్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుని. పని నేర్చుకున్నది గుంటూరు జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో. ఆ ఏడాది పైవాళ్ళు మమ్మల్ని పిలిచి, ఇకమీదట ప్రమోషన్ కావాలంటే ఆసుపత్రిలో నేర్చుకున్నది చాలదు, యూనివర్సిటీకి వెళ్ళి డిగ్రీ చేసుకోండి అన్నారు. పదిహేనేళ్ళుగా బిడ్డల్ని భూమ్మీదికి తెస్తున్నదాన్ని, నాకు డిగ్రీ ఏమిటని ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను. నర్సింగు సబ్జెక్టులతో పాటు బయటి సబ్జెక్టు ఒకటి తీసుకోవాలట. నా డ్యూటీలకు కుదిరే క్లాసు ఒక్కటే ఉంది, సోమవారం మధ్యాహ్నం మూడింటికి: ప్రాచీన రోములో చట్టం, పౌరసత్వం.

"రోమా? రోముతో నాకేం పని?" అన్నాను కౌంటరు దగ్గర అమ్మాయితో.

"కుండలు చేసే క్లాసు కూడా ఉండేది. అది నిండిపోయింది," అంది ఆ పిల్ల, నవ్వకుండా.

అలా వెళ్ళి పడ్డాను ఆ క్లాసులో. పాఠం చెప్పే ఆయనకు అరవై దాటి ఉంటాయి. అమ్మానాన్నలు గ్రీకు దీవి నుంచి ముత్యపు చిప్పల పనికి వచ్చినవాళ్ళు. ఆయన డార్విన్‌లోనే పుట్టి పెరిగి, ముప్పై ఏళ్ళు వకీలుగా చేసి, విసుగుపుట్టి బోర్డు తీసేసి పాఠాలు చెప్పుకుంటున్నాడు. పేరు పెట్టి పిలవమనేవారు. నా నోరు తిరగలేదు, "సర్" అనేదాన్ని. నేను అలా పిలిచినప్పుడల్లా వెనక ఎవరొచ్చారా అని తిరిగి చూసేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో పౌరసత్వం గొడవ మొదలైంది. మేము ముగ్గురం, నేనూ, మా ఆయనా, తొమ్మిదేళ్ళ మా పాపా, పర్మనెంటు వీసా మీద వచ్చి నాలుగేళ్ళయింది. మా ఆయన పోర్టులో స్టోర్సు చూసేవారు. ఇక ఇక్కడే ఉండిపోదామని ముగ్గురికీ కలిపి అప్లికేషన్ నింపాం. పిల్లకు మునిసిపాలిటీ జనన ధృవపత్రం జతచేయాలని అందులో ఉంది. అది చదివినప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు చూడండి, అంత మొద్దుని.

మా పాపను నేను కనలేదు. కన్నది మా చెల్లెలు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా నాకు కడుపు పండలేదు. చెల్లెలికి అప్పటికే ఇద్దరు మగపిల్లలు. మూడోసారి నెల తప్పినప్పుడు ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది లేదు. చెల్లెలే ఒకరోజు చాటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "అక్కా, ఈసారిది నీకే," అంది. అంతే. మా వైపు ఇది కొత్త కాదు. అక్కకు లేకపోతే చెల్లెలు ఇస్తుంది, అన్నకు లేకపోతే తమ్ముడు ఇస్తాడు. కాగితం ఉండదు, వకీలు ఉండడు. హిందువులకైతే దత్తత చట్టం ఉంది. మా క్రైస్తవులకు మన దేశంలో అసలు ఆ చట్టమే లేదన్న సంగతి కూడా నాకప్పుడు తెలియదు. బాప్తిస్మం నాడు పాస్టరుగారు తల్లిదండ్రులెవరు, ముందుకు రండి అన్నారు. మేమిద్దరం వెళ్ళి నిలబడ్డాం. మా పేర్లే రాశారు. చెల్లెలు వెనక బెంచీలో కూర్చుని అందరితో పాటు పాట పాడింది.

వీసాకు ఆ బాప్తిస్మం కాగితమే పెట్టాం. డాటర్ అని రాశాం. అది అబద్ధమని నాకు తట్టనే లేదు, ఒట్టు.

జనన ధృవపత్రం కోసం మా మరిదికి, అంటే చెల్లెలి భర్తకి, ఉత్తరం రాశాను. నెల తిరక్కుండా పంపించాడు. కవరు చింపి చూస్తే తల్లి అన్నచోట చెల్లెలి పేరు, తండ్రి అన్నచోట మరిది పేరు. కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాను. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ పేర్లు ఎక్కించింది నేనే. ఆ కాన్పుకి మా మిషన్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది నేను. తల్లి పేరు, వయసు, ఎన్నో కాన్పు, బిడ్డ బరువు, అన్నీ నా చేత్తోనే రిజిస్టరులో నింపాను. మునిసిపాలిటీకి చీటీ పంపిందీ నేనే. బిడ్డ నాదే అనుకుంటూ కూడా, రిజిస్టరు ముందు కూర్చునేసరికి నర్సు చెయ్యి ఉన్నదున్నట్టు రాసేసింది. తర్వాత ఆ సంగతే మరచిపోయాను.

మరిది ధృవపత్రంతో పాటు చిన్న చీటీ పెట్టాడు. "వదినగారూ, ఇది పనికొస్తుందో లేదో. ఆఫీసులో మనకు తెలిసినాయన ఉన్నాడు. మీరు ఊఁ అంటే మీ పేర్లతో ఇంకొకటి తీయిస్తాను. బాధపడకండి," అని. తన పేరు తనే కొట్టేయించుకుంటానని రాశాడు ఆ మహానుభావుడు.

"తీయించేద్దామే," అన్నారు మా ఆయన. "ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నీకు తెలిస్తే ఏమైంది, నువ్వేమన్నా ఇమ్మిగ్రేషన్ ఆఫీసరువా? మొన్న వీసాకి డాటర్ అని రాశాం కదా. ఇప్పుడు ఈ కాగితం పట్టుకెళ్తే ఫాల్స్ స్టేట్‌మెంట్ అంటారు. మనల్నేమన్నా చేసుకోనీ. పాప వీసా క్యాన్సిల్ చేసి వెనక్కి పంపేస్తేనో?"

నోరున్న దాన్నని నాకు పేరు. ఆ మాటకు మాత్రం లేచి ధృవపత్రం బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రోజు నుంచి అన్నం దిగలేదు. పాప స్కూలు నుంచి వచ్చి బ్యాగు విసిరేసి, "మమ్, ఐయామ్ స్టార్వింగ్," అని అరిస్తే, ఈ అరుపు ఇంకెన్నాళ్ళు వింటానో అనిపించేది. ఎవరికీ చెప్పుకోలేదు. ఆదివారం ప్రార్థనలో పక్కనున్న ఆంటీలు "ఏమ్మా, చిక్కిపోయావే," అంటే డ్యూటీలు ఎక్కువయ్యాయండీ అనేదాన్ని.

ఇక్కడ సోమవారాలు నడుస్తూనే ఉన్నాయి. మొదట్లో బలవంతంగా విన్నాను, నిజం చెప్పాలంటే తర్వాత చెవులు నిక్కబొడుచుకున్నాయి. రోములో ఉన్నవాళ్ళంతా రోమనులు కారట. ఒకే వీధిలో, ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే వాళ్ళలో ఒకడు పౌరుడు, ఒకడు పరాయివాడు, ఒకడు బానిస. పౌరుణ్ణి విచారణ లేకుండా కొరడాతో కొట్టకూడదు. అతని పెళ్ళి చెల్లుతుంది, అతని వీలునామా చెల్లుతుంది. పక్కవాడికి అవేవీ లేవు. ఇంకో విచిత్రం, పౌరుడైన యజమాని తన బానిసను న్యాయాధికారి ఎదుట విడిపించాడంటే, ఆ బానిస ఒట్టి స్వతంత్రుడు కావడమే కాదు, పౌరుడైపోతాడు. ఒక మనిషి నోటి మాటతో, అధికారి ఒప్పుకోలుతో ఇంకో మనిషి రోమనుడైపోయాడన్నమాట. "మా గ్రీకులు ఈ పని ఎప్పుడూ చేయలేదు, పిసినారులు," అని ఆయనే తన వాళ్ళ మీద విసుక్కున్నారు.

తర్వాతి వారం దత్తత. నా ప్రాణం చెవుల్లోకి వచ్చింది. రోములో దత్తత పెద్ద విషయమట. కొడుకులు లేని పెద్దింటివాళ్ళు ఎదిగిన మగవాళ్ళను కూడా దత్తత చేసుకునేవారు. వాడికి కొత్త ఇంటిపేరు, కొత్త దేవుళ్ళు, ఆస్తిలో కన్నకొడుకుతో సమానమైన హక్కు. రాజ్యాలు కూడా అలాగే చేతులు మారాయి. చివర్లో ఆయన పుస్తకం మూస్తూ, "ఆడది మాత్రం చాలా కాలం వరకు దత్తత చేసుకోకూడదు. ఎందుకంటే ఆమె అధికారం కింద ఎవరూ ఉండరు," అన్నారు.

ఒళ్ళు భగ్గుమంది. చెయ్యెత్తాను. "సర్, మరి ఆ బిడ్డకి నీళ్ళు పోసిందెవరు?"

క్లాసంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "చట్టంలో రాయలేదు," అన్నారు.

"అదే కదా నేనంటున్నది. రాయరు!" అన్నాను. గొంతు ఎంత పెద్దదైందో నాకే తెలియలేదు. పక్కన కూర్చున్న నావికాదళం అబ్బాయి కుర్చీ కొంచెం అటు జరుపుకున్నాడు.

దాని తర్వాతి సోమవారం పలకల పాఠం. అగ్నిపర్వతం పేలి బూడిదలో కప్పబడిపోయిన ఒక ఊరు తవ్వితే, ఒక ఇంట్లో చెక్క పలకలు దొరికాయట. వాటికి మైనం పూసి, గంటంతో గీసి రాసేవారు. మైనం కరిగిపోయినా గంటం గీతలు చెక్కలో నిలిచిపోయాయి. అవి ఒక దావా కాగితాలు. దావా ఒక అమ్మాయి గురించి. ఆ అమ్మాయి తల్లి ఒకప్పుడు ఒక ఇంట్లో బానిస, తర్వాత విడుదలైంది. ఆ పాత యజమానులే పిల్లను తమ ఇంట్లో కూతురిలా పెంచారు. కొన్నేళ్ళకు కన్నతల్లి వచ్చి, నా పిల్లను నాకివ్వండని అడిగి తీసుకెళ్ళింది. ఆ తల్లి చనిపోయాక, పెంచిన ఇంటావిడ కోర్టుకెక్కి, ఈ పిల్ల తల్లి బానిసగా ఉండగానే పుట్టింది, పుట్టుకతో స్వతంత్రురాలు కాదు, నా కింద మనిషే అంది. పిల్ల, కాదు, మా అమ్మ విడుదలయ్యాకే పుట్టాను అంది. పుట్టిన కాగితం లేదు. ఇరుగుపొరుగువాళ్ళు ఒక్కొక్కరు వచ్చి, తమకు తెలిసింది ప్రమాణం చేసి పలకల మీద రాసిచ్చారు.

"తీర్పేమైంది సర్?" అన్నాను.

"తెలియదు. ఆ పలకలు దొరకలేదు."

"తెలియకపోతే ఎలా?" అన్నాను. కోప్పడుతున్నాననుకున్నాను, తీరా చూస్తే ఏడుస్తున్నాను. రెండు వేల ఏళ్ళ కిందటి పిల్ల కోసం ముప్పై ఎనిమిదేళ్ళ ఆడది క్లాసులో ఏడుపేమిటని సిగ్గుతో చచ్చిపోయాను. అందర్నీ పంపించేసి ఆయన టీ కలిపి తెచ్చారు, పాలు లేని చేదు టీ. అప్పుడు మొత్తం కక్కేశాను. చెల్లెలు, బాప్తిస్మం, వీసా, ధృవపత్రం, మరిది చీటీ, మా ఆయన భయం, అన్నీ.

ఆయన నా కప్పులో ఇంకాస్త టీ పోశారు. తర్వాత అడిగారు, "పిల్ల పుట్టడం చూసిందెవరు?"

"నేనే."

"రాసిందెవరు?"

"నేనే."

"ఆ పలకల్లో అమ్మాయి తరఫున ఎంతమంది మాట్లాడినా, పుట్టినప్పుడు అక్కడున్న మనిషి రాసిన ముక్క ఒక్కటుంటే సరిపోయేది," అన్నారు. "మీ దగ్గర అది ఉంది. వేరే కాగితం తెచ్చారంటే, మీ మంచి సాక్షిని మీరే అబద్ధాలకోరుని చేసినట్టు. వెళ్ళి నిజం చెప్పండి. భయం లేదని మాత్రం నేను చెప్పను. భయం ఉంది."

వకీలు బోర్డు తీసేశానన్న మనిషి మూడు సోమవారాలు క్లాసయ్యాక నాతో కూర్చున్నారు. మా వాళ్ళలో పిల్లల్ని ఎలా ఇస్తారో, ఎందుకు కాగితం ఉండదో, మన దేశంలో క్రైస్తవులకు దత్తత చట్టం ఎందుకు లేదో, అన్నీ నా చేత రాయించారు. నేను పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు పెడితే కొట్టేసేవారు. "మీరు మాట్లాడినట్టు రాయండి. మీకు కోపమొచ్చినట్టు మాత్రం రాయొద్దు," అనేవారు. ఫీజు మాటెత్తితే, ఈసారి పరీక్ష పేపరు సరిగ్గా రాయండి చాలు అన్నారు. 

అన్నిటికంటే కష్టమైన పని ఇంకోటి ఉంది. ఆఫీసరు అడగొచ్చు కాబట్టి పాపకు ముందే చెప్పాలి. మా ఇల్లు అక్కడి పాత ఇళ్ళలాగే స్తంభాల మీద కట్టింది. వానలకు ముందు ఉక్కపోతల్లో ఇంటి కిందే ఫ్యాను పెట్టుకుని గడిపేవాళ్ళం. స్కూలు నుంచి రాగానే అక్కడ కూర్చోబెట్టి చెప్పాను. తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. "నిన్ను కన్నది పిన్ని. పెంచుకున్నది నేను. పిన్ని ఇష్టంగానే ఇచ్చింది," అన్నాను.

పాప కాసేపు ఫ్యాను వైపు చూసింది. "సో, పిన్నీస్ మై మమ్?"

"పిన్నీ అమ్మే. నేనూ అమ్మనే."

"డూ ఐ హావ్ టు గో బ్యాక్?"

"నిన్నెవరూ పంపించరు," అన్నాను.

"మమ్, యూ డోంట్ నో దట్."

అబద్ధమాడాలనే అనిపించింది. తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళలోకి చూసి ఆడలేకపోయాను. "తెలియదమ్మా," అన్నాను. "కానీ పంపిస్తే నేనూ నీతోనే వస్తా." పాప లేచి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. చాలా రోజుల కిందటే మానేసిన పని అది, కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో మా కేసు చూసినాయన డార్విన్ ఆఫీసరు వేషంలోనే ఉన్నాడు, ఇస్త్రీ చేసిన నిక్కరు, మోకాళ్ళదాకా తెల్ల మేజోళ్ళు. ఆ మేజోళ్ళ మనిషి చేతిలో నా బిడ్డ ఉంది కదా అనుకున్నాను. నేను రాసిచ్చిన నాలుగు పేజీలు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మా ఆయన పక్కన కూర్చుని చేతిరుమాలు పిండుతున్నారు.

"మీరు వీసా ఫారంలో డాటర్ అని రాశారు," అన్నాడు.

"రాశాం. నా కూతురే," అన్నాను.

మా ఆయన నా కాలు తొక్కారు. ఆఫీసరు తలెత్తి నన్ను చూశాడు. "ఇది నా చేతిలో లేదు. క్యాన్‌బెర్రాలో పెద్దాఫీసుకి పంపాలి. వాళ్ళు పాపకు ఇక్కడ ఉండే పర్మిట్ రద్దు చేయనూవచ్చు, చేయకపోనూవచ్చు. మీరు ఈ కాగితం తేకుండా ఇంకోటి తెచ్చి ఉంటే నాకు తెలిసేది కాదేమో," అన్నాడు. ఆ చివరి మాట ఎందుకన్నాడో అప్పుడర్థం కాలేదు.  ఇంటి గుమ్మంలో మా ఆయన, "అమ్మా తల్లీ, నీ నిజంతో నా పిల్లని పోగొడతావేమో," అన్నారు. 

వానాకాలం మొత్తం ఆ జవాబు కోసం గడిచింది.  పోస్టు పెట్టె దగ్గరికి వెళ్ళడం మా ఆయన పని, నాకు ధైర్యం లేదు. వానలు ఆగిపోయి, గాలి పొడిబారిన వారంలో వచ్చింది ఉత్తరం. దాన్ని ఆయన తెరవలేదు, నేనూ తెరవలేదు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటుంటే పాప లాక్కుని చింపి చదివింది.

తప్పుదారి పట్టించే ఉద్దేశం కనబడలేదు కాబట్టి పాప పర్మిట్ అలాగే ఉంటుంది. పౌరసత్వం మాత్రం మాతోపాటు ఇవ్వడం కుదరదు. తల్లిదండ్రులు ముందు పౌరులయ్యాక, ఇక్కడి కోర్టులో పాపను దత్తత తీసుకుంటే, ఆ ఆర్డరు ఇచ్చిన క్షణం నుంచి పాప చట్టరీత్యా పౌరురాలవుతుంది. ఇంత దారీ ఆ ఉత్తరంలో వాళ్ళే వివరంగా రాశారు. అలా రాయాల్సిన పని వాళ్ళకు లేదు. ఎవరు రాయించారో తర్వాత తెలిసింది. మేజోళ్ళాయన మా ఫైలు మీద, ఈ తల్లి తెచ్చిన కాగితం ఆమెకు నష్టం చేసేదే, అయినా తెచ్చింది, అని తన చేత్తో రాసి పంపాడట. ఆయనకు నా కృతజ్ఞత చెబుదామని కేకు చేసి పట్టుకెళ్తే, గిఫ్టులు తీసుకోకూడదని వెనక్కిచ్చేశాడు. ఒక్క ముక్క మాత్రం అక్కడే నిలబడి తిన్నాడు.

ఉత్తరం తీసుకెళ్ళి క్లాసు మాస్టారికి చూపిస్తే రెండుసార్లు చదివి, "చూశారా, ఒక పౌరురాలు న్యాయాధికారి ముందుకు వచ్చి అడిగితే, ఇంకొకరు పౌరులైపోతారు. రోమన్లు మెచ్చుకుంటారు," అన్నారు.

"రోమన్ల మెప్పు నాకక్కర్లేదు సర్. వాళ్ళు ఆడదాన్ని దత్తత చేసుకోనివ్వలేదు," అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వారాయన.

ఆ చలికాలంలో మేమిద్దరం ప్రమాణం చేసి పౌరులమయ్యాం. మన దేశపు పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేసినప్పుడు మా ఆయన తన పాస్‌పోర్టు అట్ట మీద ఒకసారి చెయ్యి రాసుకున్నారు.  కానీ నా ధ్యాసంతా కోర్టు మీద ఉంది. దత్తతకి కన్నవాళ్ళ అంగీకారం కావాలి. అది కూడా అక్కడ మేజిస్ట్రేటు ఎదుట సంతకం చేసి పంపాలి. బిడ్డ మీద తల్లిగా నాకున్న హక్కులన్నీ శాశ్వతంగా వదులుకుంటున్నాను అని ఉంటుంది అందులో. ఆ కాగితం చెల్లెలికి పోస్టు చేస్తున్నప్పుడు, ఒకవేళ పెట్టనంటే అన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. పలకల్లో ఆ కన్నతల్లి వచ్చి తీసుకెళ్ళిపోయిందిగా. తప్పేముంది, ఆమె బిడ్డ.

ఏడు వారాలకు వచ్చింది, సంతకంతో, ముద్రతో. లోపల చెల్లెలి ఉత్తరం మూడు వాక్యాలు. "అక్కా, ఆయన్ని తీసుకుని కోర్టుకి వెళ్ళొచ్చాను. మేజిస్ట్రేటు గారు ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు, లేదన్నాను. కాగితంలో తల్లి అని నా పేరు టైపు చేసుంటే, సంతకం పెట్టేముందు కాసేపు చూసుకున్నాను."

ఆ రోజంతా ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. 

కోర్టులో పని ఎనిమిది నిమిషాలు పట్టింది. జడ్జిగారు పాపను దగ్గరికి పిలిచి నెమ్మదిగా రెండు మాటలు అడిగి, సంతకం పెట్టేశారు. వెనక బెంచీలో మాస్టారు ఆ ఎండల్లో టై కట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఆయన పాప చెయ్యి పట్టుకుని ఊపి, "గుడ్ ఆన్ యూ, సిటిజన్," అన్నారు. నేను ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే కంగారుపడి మూడడుగులు వెనక్కి వేశారు.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి చెల్లెల్ని ఊళ్ళో మిషన్ ఆసుపత్రి ఆఫీసులో ఫోను దగ్గర ఉండమని ముందే రాశాను. అక్కడ మధ్యాహ్నం పన్నెండు. మొదటిసారే లైను కలిసింది. "అయిపోయిందమ్మా. పాప ఇక ఇక్కడిదే," అన్నాను. ఇంకా ఏదో చెప్పాలి, ఏం చెప్పాలో తెలియక, ఈ దేశంలో నేర్చుకున్న మాట ఒకటి నోటికొచ్చింది. "థాంక్స్ చెల్లీ," అన్నాను.

"ఏంటక్కా, పరాయిదానికి చెప్పినట్టు థాంక్సులూ గీంక్సులూ. దానికివ్వు ఫోను," అంది.

ఇచ్చాను. పాపకు తెలుగు అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే ఇంగ్లీషే. ఆ రోజు మాత్రం ఒక్కో మాటా వెతుక్కుంటూ తెలుగులో మొదలుపెట్టింది. "పిన్నీ, నేను పుట్టినప్పుడు నీకు చాలా నొప్పి వచ్చిందా?"

అవతల ఏమంటున్నారో నాకు వినబడలేదు. పాప చాలాసేపు విని, రిసీవరు మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగింది. చాలా నొప్పి వచ్చిందట, రెండు పగళ్ళు నొప్పులు పడిందట అని ఇంగ్లీషులో చెప్పింది. "షీజ్ క్రయింగ్, మమ్. ఆ సంగతి ఎవరైనా అడగడం ఇదే మొదటిసారంట."

ఎన్ని వందలమంది తల్లుల చెయ్యి పట్టుకుని, నొప్పి ఎలా ఉందమ్మా అని అడిగానో లెక్కలేదు. పాప పుట్టిన రోజు మా చెల్లెల్ని మాత్రం అడగలేదు. బిడ్డని తుడిచి, గుడ్డలో చుట్టుకుని బయటికి పరుగెత్తాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"ఫోను ఇలా ఇవ్వమ్మా, నేను మాట్లాడాలి," అన్నాను.

పాప ఇవ్వలేదు. "షీజ్ టాకింగ్ టు మీ," అని, ఫోను తీగ లాక్కుంటూ గోడవైపు తిరిగి నేల మీద చతికిలపడింది. నేను వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.